నాన్నగారి గోడ మీది పటాలు: వెల కట్టించే ముందు ఏం తెలుసుకోవాలి?

ప్రశ్న: మాది రాజమండ్రి. కిందటేడాది నాన్నగారు పోయారు. అమ్మ అంతకు ముందే పోయింది. ఇల్లు అమ్మకానికి పెట్టాం, సామాను పంపకాలు జరుగుతున్నాయి. గోడల మీద మూడు పటాలున్నాయి. ఒకటి తాతగారి నాటి రవివర్మ లక్ష్మీదేవి. చీర మీద జరీ, చమ్కీలు అంటించి ఉంటాయి. రెండోది గోదావరి రేవు, నీటిరంగుల బొమ్మ. తాతగారి స్నేహితుడెవరో వేసి ఇచ్చారనేవారు. మూలనున్న సంతకం అర్థం కావడం లేదు, పక్కన 1938 అని ఉంది. మూడోది నాన్నగారు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు కొన్నది. పెద్ద బొట్టు పెట్టుకున్న తెలంగాణ స్త్రీ బొమ్మ. తోట వైకుంఠం గారిదని చెప్పేవారు, కింద పెన్సిల్‌తో 37/150 అని రాసి ఉంది. పాత వస్తువులు కొనే ఆయన ఒకరు వచ్చి మూడింటికీ కలిపి 60 వేలు ఇస్తానని, వద్దంటున్నా 5 వేలు బయానా బల్ల మీద పెట్టి వెళ్ళారు. డాలస్‌లో ఉన్న అన్నయ్యేమో "హుస్సేన్ బొమ్మ వంద కోట్లు దాటి పోయింది, తొందరపడకు. రవివర్మ పటం నేను వచ్చినప్పుడు తీసుకెళ్తా" అంటున్నాడు. వెల కట్టేవాళ్ళని పిలవాలా? పిలిచేముందు నేను ఏం తెలుసుకోవాలి? ఏమీ తోచక టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు ఆ 5 వేలు వెనక్కి ఇచ్చేయండి. ఫోన్‌పేలో పంపించి, "పంపకాలు తేలలేదు, బయానా తిరిగి ఇచ్చేస్తున్నాను" అని మెసేజ్ పెట్టి, దాన్ని జాగ్రత్త చేయండి. నాన్నగారు వీలునామా రాసి ఉండకపోతే ఆ పటాల్లో మీ అన్నయ్యకూ వాటా ఉంటుంది. మీరొక్కరే మాట ఇచ్చేయడానికి లేదు. ఉన్న మాటే చెబుతున్నారు కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఆయన "ఒకసారి మా వాళ్ళకి చూపించి తెస్తాను" అంటే మాత్రం ఒక్క పటం కూడా గడప దాటనివ్వకండి.

ఆయన మళ్ళీ వస్తే ఒక్క మాట అడిగి చూడండి: "విడివిడిగా దేనికి ఎంత ఇస్తారు?" మూడింటికీ కలిపి గుత్తగా ధర చెప్పేవారు విడదీసి చెప్పడానికి సాధారణంగా ఇష్టపడరు. ఏ పటం దగ్గర మాట దాటేస్తారో, ఏది ఇవ్వకపోతే మిగతావి వద్దంటారో గమనించండి. ఆయన వచ్చింది దాని కోసమే. ఆయన మోసగాడని నేను అనడం లేదు. తక్కువకు కొనాలని చూడడం వ్యాపారం. కానీ కొనేవాడి నోట వచ్చిన అంకెను వెల కట్టడం అనుకోకూడదు. ఇంకో మాట, వందేళ్ళు దాటిన కళావస్తువులతో వ్యాపారం చేయాలంటే 1972 నాటి పురావస్తువుల చట్టం కింద లైసెన్సు ఉండాలి. రవివర్మ పటం వందేళ్ళ పైదని ఆయనే అంటున్నారనుకోండి, ఆ లైసెన్సు చూపించమని అడగండి.

ఇక అసలు పని. మీకు ఇప్పుడు కావలసింది ధర కాదు. మీ దగ్గర ఉన్నది ఏమిటో తెలియాలి. బంగారానికైతే ఆ రోజు గ్రాము రేటు ఉంటుంది, బొమ్మకు అలాంటి రేటు ఉండదు. చేత్తో వేసిందా, అచ్చు వేసిందా, ఎవరిది, ఎప్పటిది, ఏ స్థితిలో ఉంది, ఎవరి చేతుల మీదుగా మీ ఇంటికి వచ్చింది అన్నవి తేలాకే ధర గురించి మాట్లాడడానికి వీలవుతుంది. ఇందులో చాలా భాగం మీరే ఇంట్లో కూర్చుని తేల్చగలరు. కావలసినవి ఒక కొలటేపు, ఫోను, పదింతలు పెద్దది చేసి చూపించే చిన్న భూతద్దం. నగల షాపులవాళ్ళు కంటికి ఆనించుకు చూసే రకం, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

రవివర్మ పటంతో మొదలుపెడదాం. మన ఇళ్ళలో "రవివర్మ పటం" అనేదానిలో దాదాపు అన్నీ అచ్చు పటాలే. రవివర్మ, తమ్ముడు రాజరాజవర్మ కలిసి 1894లో బొంబాయిలో లిథో ప్రెస్, అంటే రాతి మీద గీసి అచ్చువేసే ప్రెస్ పెట్టించారు. తర్వాత దాన్ని లోనావాలా దగ్గరి మాలవ్లికి తరలించారు. లక్ష్మి, సరస్వతి పటాలు దేశంలో మారుమూల దేవుడి గూళ్ళ దాకా వెళ్ళింది ఆ అచ్చుల వల్లే. తామర మీద నిలబడ్డ లక్ష్మి, పక్కన దండ పట్టుకున్న ఏనుగు, మీ ఇంట్లో ఉన్నది అదే అయి ఉండాలి. కొన్నేళ్ళకే ఆ ప్రెస్సును ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడికి అమ్మేశారు. 1906లో రవివర్మ పోయిన తర్వాత కూడా దశాబ్దాల పాటు ప్రెస్సు ఆ పేరు మీదే నడిచింది. కాబట్టి పటం అడుగున "రవివర్మ ప్రెస్" అని ఉన్నంత మాత్రాన అది ఆయన బతికున్న కాలంలోదని చెప్పలేం. ఇతర ప్రెస్సులు అచ్చేసిన నకళ్ళు, ఈ మధ్య ఆఫ్‌సెట్‌లో, అంటే ఇప్పటి మామూలు యంత్రపు అచ్చులో వేసి పాత ఫ్రేముల్లో బిగించినవి కూడా బజారులో ఉన్నాయి.

భూతద్దం పనికొచ్చేది ఇక్కడే. లక్ష్మీదేవి చెంప మీద, చీర లేని చోట, ఆనించి చూడండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు సమాన ఎడంతో, వరస తప్పకుండా, చిన్న చిన్న పువ్వుల్లా గుంపులు కట్టి కనిపిస్తే అది ఆఫ్‌సెట్ ప్రింటు. దాన్ని పూజగదిలో పెట్టుకోండి, అమ్మే ఆలోచన వదిలేయండి. చుక్కలు అడ్డదిడ్డంగా, ఒకటి పెద్ద ఒకటి చిన్నగా, చేత్తో పొడిచినట్టు ఉంటే అది రాతి మీద గీసి ఒక్కో రంగూ విడిగా అచ్చేసిన పాత లిథో. పైన వార్నిషు పూత మెరుస్తుంటే, కాగితం మీద కాన్వాసు గుడ్డ అల్లికలాంటి గరుకుతనం కనిపిస్తే ఓలియోగ్రాఫ్ అంటారు. చుక్కలే లేకుండా కుంచె గీతలు, రంగు మందం కనిపిస్తే అది వేరే కథ, అప్పుడు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా నేరుగా నిపుణుల దగ్గరికి వెళ్ళండి. ఎప్పుడైనా హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ వేసిన అసలు తైలవర్ణ చిత్రాలున్నాయి. ఒకసారి దగ్గరగా నిలబడి చూస్తే అసలుకూ అచ్చుకూ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

జరీ, చమ్కీలు ఊడదీయకండి. అప్పట్లో ఇంటి ఆడవాళ్ళు పటానికి అలా చీర కట్టి అలంకరించడం మామూలే, అలాంటి పటాలను ఇష్టపడి కొనేవాళ్ళూ ఉన్నారు. మీ ఇంట్లో అది మీ నాయనమ్మగారి చేతిపనే అయితే, ఆ మాట ఒక కాగితం మీద రాసి పటంతో ఉంచండి. మంచి స్థితిలో ఉన్న పాత ఓలియోగ్రాఫుకు సాధారణంగా వేలల్లో ధర పలుకుతుంది, అరుదైనవి లక్షల్లోకి వెళ్తాయి. కోట్లు పలికేవి ఆయన స్వయంగా వేసిన చిత్రాలు. ఈ తేడా అన్నయ్యకు మీరే చెప్పాలి.

వైకుంఠం గారి బొమ్మ తేలిక. కింద 37/150 అని ఉందంటే 150 ప్రతుల్లో 37వది. ఇలాంటివి ఎక్కువగా సెరిగ్రాఫులు, అంటే సిల్క్ స్క్రీన్ మీద ఒక్కో రంగూ అద్ది తీసిన పరిమిత ప్రతులు. భూతద్దంలో చుక్కలుండవు, రంగు పలకలు పలకలుగా చదునుగా ఉంటుంది. సంతకం బొమ్మ లోపల అచ్చయిందా, కింది తెల్ల అంచు మీద పెన్సిల్‌తో పెట్టిందా చూడండి. పటాన్ని వెలుతురుకు ఏటవాలుగా తిప్పితే పెన్సిల్ గీత సన్నగా మెరుస్తుంది, అచ్చయిన సంతకం మెరవదు. నంబరు చిన్నదైతే ఎక్కువ ధర అని కొందరంటారు గానీ 37కీ 120కీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ ఉండదు. అసలు తేడా నాన్నగారి దగ్గర ఉండాల్సిన రసీదులో ఉంది. ఏ గ్యాలరీలో కొన్నారో ఆ బిల్లు, దాంతో ఇచ్చిన సర్టిఫికెట్ కోసం పాత ఫైళ్ళన్నీ వెతకండి. బ్యాంకు పాసుపుస్తకంలో ఆ తారీఖున చెక్కు కనిపించినా పనికొస్తుంది. పేరున్న చిత్రకారుల పేరు మీద నకిలీలు తిరిగే బజారు ఇది. కాగితం ఉన్న ప్రతికీ లేనిదానికీ కొనేవాడి ధైర్యంలో తేడా ఉంటుంది, ఆ తేడానే ధరలోకి వస్తుంది. కాగితం దొరక్కపోతే ఆ గ్యాలరీకే ఫొటో పంపి అడగవచ్చు.

నాకు మనసు లాగుతున్నది మాత్రం రెండోదాని మీద. ఆ గోదావరి రేవు బొమ్మ.

మీ ఊరు చిత్రకళలో చిన్న ఊరు కాదు. కూల్డ్రే దొరగారు అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు దామెర్ల రామారావు, అడివి బాపిరాజు లాంటివారిని చేరదీసి బొమ్మలు వేయించారు. రామారావు గారు 1925లో చిన్న వయసులోనే పోయారు. ఆయన స్నేహితులు, శిష్యులు ఆ పని కొనసాగించారు. మీ బొమ్మ మీద 1938 అని ఉంది కాబట్టి, ఎవరైనా వచ్చి "ఇది దామెర్ల వారిది" అంటే నమ్మకండి, తారీఖే ఒప్పుకోదు. కానీ ఆ బృందంలో ఇంకెవరిదైనా కావడానికి అవకాశం ఉంది. ఏ పేరూ లేని ఒక డ్రాయింగు మాస్టారిదైనా కావచ్చు. రెండిటికీ ధరలో ఎంతో తేడా ఉంటుంది, అది తేల్చే ఆధారాలు హైదరాబాద్ వ్యాపారి దగ్గర కంటే మీ ఊళ్ళోనే, మీ ఇంట్లోనే ఎక్కువ.

సంతకాన్ని పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, దగ్గరగా ఫొటో తీయండి. తెలుగులో ఉందా ఇంగ్లీషులో ఉందా, పొడి అక్షరాలా, పూర్తి పేరా చూడండి. ఆ ఫొటో పట్టుకుని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళి, అక్కడున్న మిగతా చిత్రకారుల సంతకాలతో పోల్చండి. అక్కడివాళ్ళని ధర అడగకండి, "ఈ సంతకం ఎక్కడైనా చూశారా" అని అడగండి. పాత "భారతి" సంచికలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చదవడానికి దొరుకుతున్నాయి. అందులో ఆనాటి ఆంధ్ర చిత్రకారుల బొమ్మలు పేర్లతో సహా అచ్చయ్యేవి. 1930ల సంచికలు ఓపిగ్గా తిరగేయండి.

తర్వాత పటం వెనక చూడండి. అందరూ ముందు వైపే చూస్తారు, సాక్ష్యం చాలాసార్లు వెనకే ఉంటుంది. ఫ్రేము కట్టిన కొట్టు చీటీ, పెన్సిల్‌తో రాసిన పేరు, ఏదైనా ప్రదర్శన చీటీ, "ప్రియమిత్రునికి" అనే ఒక ముక్క. ఉన్నవి ఉన్నట్టు ఫొటోలు తీయండి. అట్ట ఊడదీయాలనిపిస్తే ఆగండి. మేకులు తుప్పు పట్టి, కాగితం అట్టకు అంటుకుపోయి ఉండవచ్చు, లాగితే చిరుగుతుంది. తాతగారి ఉత్తరాల కట్ట ఉంటే 1936 నుంచి 1940 దాకా ఉన్నవి చదవండి. పాత పెళ్ళి ఆల్బమ్‌లు తీసి, మనుషుల్ని కాదు, వెనక గోడని చూడండి. నలుపు తెలుపు ఫొటోలో ఆ పటం అదే గోడ మీద కనిపించిందంటే, అది అన్నేళ్ళుగా మీ ఇంట్లోనే ఉందనడానికి అంతకు మించిన రుజువు లేదు. ఇంట్లో పెద్దత్తయ్యలు, బాబాయిలు ఎవరైనా ఉంటే వాళ్ళ మాట ఫోనులో రికార్డు చేయండి. ఈ పని వాయిదా వేయకండి, ఆ స్నేహితుడి పేరు ఇంకా గుర్తున్నవాళ్ళు ఎంతమంది మిగిలారు చెప్పండి?

మీ అన్నయ్య చెప్పిన హుస్సేన్ బొమ్మ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2025 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ వేసిన "గ్రామ్ యాత్ర" ఒక కోటీ 37 లక్షల డాలర్లకు పైగా పలికింది. అది 1954లో వేసిన, దాదాపు 14 అడుగుల తైలవర్ణ చిత్రం. డబ్ల్యూహెచ్‌ఓ పని మీద ఢిల్లీ వచ్చిన ఒక వైద్యుడు అదే ఏడాది కొన్నారు, 1964లో ఓస్లోలోని ఆసుపత్రికి ఇచ్చేశారు, వేలానికి వచ్చేదాకా అక్కడే ఉంది. కొన్న రోజు నుంచి అమ్మిన రోజు దాకా ఎవరి దగ్గరుందో ఒక్క ఖాళీ లేకుండా తెలుసు. ఆ ధరలో ఆ పరిమాణం, ఆ కాలం, ఆ చరిత్ర అన్నీ ఉన్నాయి. హుస్సేన్ గారివే ప్రింట్లు, చిన్న స్కెచ్‌లు దానితో పోలికే లేని ధరలకు పోతుంటాయి. వార్తల్లో వచ్చిన అంకెతో మన గోడ మీది పటాన్ని కొలవడం వల్ల ఇంట్లో గొడవలు తప్ప ఏమీ రావు.

ధరలు వెతకడానికి శాఫ్రనార్ట్, ఆస్తాగురు, పుండోల్స్, క్రిస్టీస్, సోథబీస్ లాంటి సంస్థల వెబ్‌సైట్లలో పాత వేలాల ఫలితాలు చూడండి. చిత్రకారుడి పేరు కొడితే సరిపోదు. మీది సెరిగ్రాఫ్ అయితే సెరిగ్రాఫులనే, దగ్గర కొలతలవే, ఈ నాలుగైదేళ్ళలో అమ్ముడైనవే చూడండి. అమ్ముడుపోకుండా మిగిలిపోయినవి కూడా లెక్కలోకి తీసుకోండి, బజారు ఎక్కడ ఆగిందో అవే చెబుతాయి. ఆన్‌లైన్ షాపుల్లో పెట్టిన ధరలు అమ్మేవాడి ఆశలు, ఆ ధరకు ఎవరైనా కొన్నారని కాదు. వేలం సంస్థలు ప్రకటించే మొత్తంలో సాధారణంగా కొనేవాడు పైన కట్టే ప్రీమియం కూడా కలిసి ఉంటుంది. ఉదాహరణకి పాట లక్ష దగ్గర ఆగి, ప్రీమియం 20 శాతం అయితే వెబ్‌సైట్‌లో లక్షా 20 వేలు కనిపిస్తుంది. అమ్మేవాడి కమీషన్ 10 శాతం అనుకుంటే మీ చేతికి 90 వేలు వస్తుంది. అందులోంచి రవాణా, బీమా, ఫొటోల ఖర్చు పోతాయేమో ఒప్పందంలో చదవాలి.

ఈలోగా పటాలను బాగుచేద్దామని మాత్రం అనుకోకండి. తడిగుడ్డతో తుడవడం, కొత్త ఫ్రేము కట్టించడం, రంగు వెలిసిన చోట ఎవరిచేతనైనా అద్దించడం, అన్నిటికన్నా ఘోరంగా లామినేషన్ చేయించడం, వీటితో పోయిన విలువ మళ్ళీ రాదు. మరకలు, పురుగు కొట్టిన రంధ్రాలు ఉంటే ఉండనివ్వండి, వాటినీ ఫొటో తీయండి. దాచిపెట్టిన లోపం తర్వాత బయటపడితే మిగతా మాటలు కూడా నమ్మరు.

ఇంత అయ్యాక వెల కట్టేవాళ్ళని పిలవండి. వేలం సంస్థలకు ఫొటోలు, కొలతలు పంపితే సాధారణంగా డబ్బు తీసుకోకుండానే ఒక అంచనా చెబుతారు. ఒక్కరితో ఆగకుండా ఇద్దరు ముగ్గురిని అడగండి. కొలతలు ఫ్రేము కాకుండా బొమ్మవి పంపండి. మీరూ అన్నయ్యా లెక్కలు తేల్చుకోవడానికి రాతపూర్వకమైన విలువ కావాలంటే, కళాఖండాలకు వెలకట్టే రిజిస్టర్డ్ వాల్యూయర్ దగ్గరికి వెళ్ళాలి. ఫీజు పనికి ఇంత అని ఉండాలి. విలువలో ఇంత శాతం ఇవ్వండి అనేవారు, "నేనే కొంటాను" అనేవారు వద్దు. దేనికోసం వెల కట్టిస్తున్నారో కూడా ముందే చెప్పండి. బీమా కోసం కట్టే విలువ ఎక్కువగా, బజారులో అమ్మితే వచ్చేది తక్కువగా ఉండడం మామూలే, ఒకదాని కాగితం రెండోదానికి పనికిరాదు.

అన్నయ్య పటాన్ని సూట్‌కేసులో పెట్టుకెళ్ళే మాట. ఇది ఆయనకు గట్టిగా చెప్పండి. వందేళ్ళు దాటిన కళావస్తువును మామూలు మనుషులు దేశం దాటించకూడదు. పైగా రవివర్మ చిత్రాలను 1979లో కేంద్ర ప్రభుత్వం జాతీయ కళాసంపదగా ప్రకటించింది, అసలు చిత్రాలు దేశంలో ఎవరికైనా అమ్ముకోవచ్చు గానీ బయటికి పంపడానికి లేదు. మీది అచ్చు పటమే అయినా వయసు ఎంతో తేలకుండా ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్తే కస్టమ్స్ వాళ్ళు ఆపవచ్చు. పురావస్తు సర్వే శాఖ వారికి చూపిస్తే, వందేళ్ళు కాని వస్తువైతే "ఇది పురావస్తువు కాదు" అని సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతికి వచ్చాకే టికెట్ సంగతి. రాకపోతే పటం ఇక్కడే ఉండాలి. అన్నయ్యకు అదే కావాలంటే మీ ఇంట్లో ఆయన పేరు మీద ఉంచవచ్చు.

పన్ను విషయం క్లుప్తంగా. ఇంటి సామాను అమ్మితే పన్నుండదని అందరూ అనుకుంటారు, చిత్రాలకూ కళాఖండాలకూ ఆ మినహాయింపు లేదు. వారసత్వంగా వచ్చినదానికి పెద్దలు కొన్న ధర, వాళ్ళు ఉంచుకున్న కాలం లెక్కలోకి వస్తాయి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తారీఖు నాటి విలువను పెట్టుకోవచ్చు. 2024 జూలై 23 నుంచి దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం. వాల్యూయర్‌తో 2001 విలువ కూడా అదే కాగితంలో రాయించుకుంటే రెండోసారి ఫీజు కట్టక్కర్లేదు.

నా మాట అడిగితే, సెరిగ్రాఫును కాగితాలు దొరికాక వేలంలో పెట్టండి. లక్ష్మీదేవిని ఇద్దరిలో ఎవరో ఒకరు ఉంచుకుని రెండోవారికి సగం విలువ ఇవ్వండి. గోదావరి బొమ్మను మాత్రం సంతకం ఎవరిదో తేలేదాకా ఎవరికీ అమ్మకండి. ఇల్లు రిజిస్ట్రేషన్ అయ్యేలోగా దాన్ని గోడ మీంచి తీయించి, ఎండ పడని పొడి గదిలో, నేలకు ఆనకుండా నిలువుగా పెట్టించండి. ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో కూలీల చేతికి ఇవ్వకుండా, మీ కారులో మీరే తీసుకెళ్ళండి.